ఉద్దెర పుస్తకం, చుట్ల పుస్తకం

(జనగామల డిగ్రీ, ఐటీఐ విద్యార్థులు, చిన్న దుకాణాలు నడుపుకుంటున్న యువకులు కలిసి పెట్టుకున్న సమావేశంల ఒక జర్నలిస్టు మిత్రుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



నన్ను స్వయం ఉపాధి మీద మాట్లాడుమన్నరు. నాకు ఆ మాట అంటేనే కొంచెం భయం. ఎందుకంటే, నౌకర్ల సంగతి అడిగినప్పుడల్లా మనకు చెప్పే మాట అది. ఖాళీలు ఎప్పుడు నింపుతరయ్యా అంటే, మీరు స్వయం ఉపాధి చూసుకోండి అంటరు. నేను అందుకు రాలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు పోయేదాక అరిచిన తరం మాది. నియామకాల మాట అడుగుడు ఆపుమని నేను చెప్ప. కని, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసుకుంట మన దోస్తులల్ల ఎంతోమంది జిరాక్సు సెంటర్లు, మీ సేవలు, మెస్సులు, సెల్‌ఫోన్ రిపేరు దుకాణాలు పెట్టుకున్నరు. పదేండ్లయినా చాలా దుకాణాలు పెట్టిన కాడనే ఉన్నయి. గిరాకి లేక కాదు. గిరాకి ఉన్నా ఎదగలేదు. ఎందుకు? ఆ ముచ్చట మాట్లాడుకుందాం.

పుస్తకాల్ల చదివింది చెప్ప. మా బాపు దుకాణం సంగతి చెప్త. మా బాపు బోరు మోటార్లకు వైండింగ్ చేస్తడు. 1991ల సిద్దిపేట రోడ్డు మీద ఒక మడిగె కిరాయికి తీసుకొని దుకాణం పెట్టిండు. ఆ దుకాణం పదహారేండ్లు పెరగలేదు. తర్వాత పెరిగింది. నడుమల ఒకసారి నా తెలివితక్కువ వల్ల కింద పడ్డది. మళ్ల లేచింది. ఎక్కడెక్కడ మలుపు తిరిగింది, అప్పుడు ఎవరు ఏం చేసిన్రు, అంతే నా ప్రసంగం.

మోటార్లు కాలిన కాలం

జనగామ అంటేనే మెట్ట. చెరువు నిండితే పండుగ, లేకుంటే బోరే దిక్కు. బోరు ఉన్నోనికి కరెంటే దిక్కు. ఇక్కడున్న ఐటీఐ తమ్ముళ్లకు తెలుసు, త్రీఫేజ్ మోటారుకు వోల్టేజి తక్కువ వస్తే అది తన పని తాను చెయ్యనీకి ఎక్కువ కరెంటు గుంజుతది. తీగ వేడెక్కుతది. మీది పొర మాడుతది. చుట్టుకు చుట్టు తగిలి మోటారు కాలుతది. మూడు ఫేజులల్ల ఒకటి పోయినా అంతే, మిగిలిన రెండిటి మీద నడిచి నడిచి మాడిపోతది. ఆ మీద రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేటోళ్లు. వాళ్ల తప్పు కాదు. రాత్రి ఎప్పుడొస్తదో తెల్వని కరెంటు కోసం బావి కాడ పడుకొని పాము కాటుకు పోయినోళ్లను చూసిన ఊర్లు మనయి. కరెంటు రాంగనే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేసేటియి. ఫ్యూజు కొట్టేసేది, వోల్టేజి పడిపోయేది, మళ్ల ఇంకో మోటారు కాలేది.

2004 మేల ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం అయింది. బిల్లు పోయింది. మోటారు కాలుడు పోలేదు. రైతు కరెంటుకు కట్టని పైసలు మా బాపుకు కట్టిండని మేం నవ్వుకునేటోళ్లం. నవ్వే ముచ్చట కాదు, కని నిజం.

ఇగ ఇంత గిరాకి ఉంటే మా ఇల్లు ఎట్లుండాలె? యాసంగిల మా దుకాణం ముందర ఎడ్లబండ్లు, ట్రాలీలు లైను కట్టేటియి. బాపు పొద్దున ఆరింటికి స్టూలు మీద కూసుంటే రాత్రి పదకొండింటికి లేసేటోడు. అయినా నా డిగ్రీ ఫీజుకు అమ్మ పుస్తె తాకట్టు పెట్టింది. నాకు బాపు మీద కోపముండేది. తాగుతడా అంటే తాగడు. పేకాట లేదు. మరి పైసలు యాడ పోతున్నయి?

మొదటి మలుపు: తరాజు

2006ల నేను డిగ్రీ చదువుతున్న. ఆ యేడు రాగి ధర లేసింది. 2003 మొదట్ల లండన్ మెటల్ ఎక్స్ఛేంజిల టన్ను రాగి 1,700 డాలర్ల దరిదాపుల ఉండె. 2006 మేల 8,000 డాలర్లు దాటింది. లండన్‌ల లేసిన ధర రాణిగంజ్‌ల వైరు షాపుకు చేరనీకి ఎన్ని రోజులు పడ్తది? తెల్లారేసరికి చేరుతది. మరి రాణిగంజ్ నుంచి మా బాపు బిల్లుకు చేరనీకి? ఏడాది పట్టింది.

ఎందుకంటే, మా దుకాణంల రేటు గుత్త. ఐదు హెచ్‌పీ మోటారుకు ఇంత, ఏడున్నరకు ఇంత అని నోటి లెక్క. అందులనే తీగ, అందులనే కూలి. తీగ ధర పెరిగితే ఆ పెరిగింది బాపు కూలిలకెల్లి పోయేది. రేటు పెంచుదామంటే, "పోయిన యాసంగికి పద్దెనిమిది వందలు తీసుకుంటివి గదా పటేలా" అని రైతు అడుగుతడు. బాపు నోరు లేవది. తెలిసిన మొకాలాయె.

అట్ల ఒక నెల రోజులు బాపు కూలి లేకుండ పని చేసిండు. ఒక రోజు రాణిగంజ్ నుంచి వచ్చి చేతిల ఉన్న బిల్లు నాకిచ్చి "జర చూడు బిడ్డా, సేటు ఏమన్న తప్పేసిండా" అన్నడు. సేటు తప్పెయ్యలేదు. తప్పు మాది. తెల్లారి ఇద్దరం పోయి ఒక తరాజు కొనుక్కొచ్చినం.

అప్పటి నుంచి బిల్లు మూడు వరుసలు. మొదటిది, మోటారుకు పట్టిన కొత్త తీగ తూకం, ఆ రోజు రేటు. రెండోది, మోటారుల నుంచి తీసిన పాత రాగి తూకం. కావాలంటే రైతు తీసుకపోవచ్చు, మాకిస్తే ఆ రోజు పాత రాగి రేటు బిల్లుల కొట్టేస్తం. మూడోది, చేతి కూలి. రైతు ముందటనే తూకం. తీగ రేటు లండనోడు పెంచినా, రాణిగంజోడు పెంచినా మాకు సంబంధం లేదు. మాకు కావాల్సింది మూడో వరుస.

మొదటి పది దినాలు గొడవైంది. తర్వాత రైతులే మెచ్చుకున్నరు. తరాజు కండ్ల ముందట ఉన్నది గదా. అన్నిటికంటె పెద్ద లాభమేందంటే, తన కూలి ఎంతనో బాపుకు అప్పుడే తెలిసింది. పదిహేనేండ్లు పని చేసిన మనిషికి తన చెమట ధర తెల్వది! మీలో జిరాక్సు సెంటర్ ఉన్న తమ్ముడు, మెస్సు నడుపుతున్న అక్క, ఇయ్యాల ఇంటికి పోయి చూసుకోండి. మీరు తీసుకునే రూపాయిల కాగితం ధర ఎంత, బియ్యం ధర ఎంత, మీ కూలి ఎంత? ఇవి కలిసిపోయి ఉన్నన్ని రోజులు, సామాను ధర పెరిగినప్పుడల్లా మీ కూలి తగ్గుతది. మీకు తెల్వకుండనే తగ్గుతది. 2020 మార్చిల 5,000 డాలర్ల కిందికి పోయిన రాగి, 2021 మేల 10,000 దాటింది. అప్పుడు మా దుకాణానికి ఏమీ కాలేదు. కారణం ఆ తరాజే.

రెండో మలుపు: ఉద్దెర పుస్తకం

2007 ఎండాకాలం డిగ్రీ పరీక్షలైనయి. ఖాళీగ ఉన్న. బాపు ఉద్దెర పుస్తకం ముందటేసుకొని అన్నీ ఎక్కిచ్చిన. పుస్తకమంటే ఒకటి కాదు, నాలుగు. ఎవరు వచ్చినా తిరగేసి తమ లెక్క తామే చూసుకునేటట్టు బల్ల మీదనే పడి ఉండేటియి. మూడు దినాలు పట్టింది. మొత్తం కూడితే 1,86,000 రూపాయలు బయట ఉన్నయి. అందుల లక్షా పదివేలు తీగ పైసలు. బాపు వైరు సేటుకు 70,000 బాకీ ఉన్నడు, నూటికి రెండు రూపాల మిత్తికి. అంటే నెలకు పద్నాలుగు వందల మిత్తి. దుకాణంల హెల్పర్ పిల్లగాని జీతం నెలకు పదిహేను వందలు. సేటు మా దుకాణంల స్టూలెక్కకుండనే ఒక మనిషి జీతం తీసుకుంటున్నడు.

రైతుకు మిత్తి లేని ఉద్దెర, బాపుకు మిత్తి ఉన్న బాకీ. పైసలు యాడ పోతున్నయో నాకప్పుడు సమజైంది.

నాకు డిగ్రీ గర్వముండె. తెల్లారే దుకాణం ముందట "అప్పు లేదు" అని అట్ట ముక్క వేలాడగట్టిన. బాపు సాయంత్రం దాన్ని తీసి పొయ్యిల పెట్టిండు. "పంట ఇంటికి రాకముందు రైతు కాడ పైసలెక్కడియిరా? మోటారు కాలేది పైరు మధ్యల. పైసలొచ్చేది పైరు కోసినంక. ఉద్దెర ఇయ్యనంటే పైరెండుతది. పైరెండితే మొత్తానికే రావు" అన్నడు. ఆ మాట నిజం. నేను చదివిన కామర్స్ పుస్తకంల ఆ మాట లేదు.

అయితే, తండ్రీకొడుకులం నాలుగు దినాలు కొట్లాడి ఒక కాడికొచ్చినం. తీగ పైసలు నగదు. కూలి పైసలు ఉద్దెర, అదిగూడ పంట దాక. వానకాలం మోటారుకు దీపావళి దాటినంక, యాసంగి మోటారుకు వడ్లు అమ్మినంక. ఎవరికి ఏ నెల గడువో పుస్తకంల రాసి రైతుతోని సంతకమో, వేలిముద్రో. ఒక పంట బాకీ తీరకుంటే రెండో పంటకు కూలి గూడ నగదే. మేం అప్పు ఇచ్చేది మా చెమట మాత్రమే, సేటు పైసలు కాదు.

కొందరు గిరాకిదార్లు పోయిన్రు. పాత బాకీల 40,000 దాక మునిగినం. ఒక పెద్దమనిషి "నీ కొడుకు చదువుకొని నిన్ను సావుకారిని చేసిండు" అని బాపును మాట అన్నడు. బాపు రెండు దినాలు బువ్వ సరిగ తినలేదు. కని ఏడాదిన్నరల సేటు బాకీ తీరింది. ఆ నెల మిగిలిన పద్నాలుగు వందలు అమ్మ చేతిల పెడితే, అమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది.

మూడో మలుపు: తాళం

ఇప్పుడు అసలు ముచ్చట. మా బాపుకు ఇంకో పుస్తకముండె. అది బల్ల మీద ఉండది. ఇనుప పెట్టెల, తాళం కింద ఉండేది. దాన్ని మేం చుట్ల పుస్తకం అనేటోళ్లం. వైండింగ్ తెలిసినోళ్లకు దాని విలువ తెలుసు. ఏ కంపెనీ మోటారుకు ఎన్ని గాళ్లు, గాళ్లకు ఎన్ని చుట్లు, ఏ గేజు తీగ, ఎన్ని గాళ్లు దాటి చుట్ట వెయ్యాలె, కనెక్షను ఎట్ల కలపాలె, అన్నీ అందుల ఉంటయి. కాలిన మోటారు విప్పినప్పుడల్లా పాత చుట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టి రాసుకున్న పుస్తకమది. ఒక్క చుట్టు లెక్క తప్పితే మోటారు వేడెక్కుతది, నెల తిరగకముందే వాపసొస్తది. ఒకసారి ఇంకో దుకాణంల తప్పు లెక్కతోని చుట్టి ఉంటే, ఆ మోటారుల నుంచి సరైన లెక్క మళ్ల దొరకది. పుస్తకంల ఉంటేనే దొరుకుతది. అందుకే అది పానం లెక్క.

హెల్పర్ పిల్లగానికి బాపు అన్ని పనులు చెప్పేటోడు. విప్పుడు, రాగి గుంజుడు, బేరింగు మార్చుడు, గాళ్లల్ల కాగితం పెట్టుడు. చుట్లు లెక్కపెట్టే కాడికొస్తే మాత్రం "పో, చాయ్ తీసుకరా" అనేటోడు. ఆరేండ్లు ఆ పిల్లగాడు చాయ్ తెచ్చిండు. తెచ్చుకుంటనే, రాత్రి పూట చాటుకు చాటుకు చుట్లు లెక్కపెట్టుకున్నడు. 2009ల ఒకరోజు పని బంద్ చేసిండు. నెల తిరగకముందే రోడ్డుకు అవతలి పక్క మడిగె తీసుకొని బోర్డు పెట్టిండు.

బాపుకు అది చావు దెబ్బ. "నా బువ్వ తిని నా ముందటనే పెట్టిండు" అన్నడు. రెండేండ్లు అటు దిక్కు చూడలేదు. కొత్త పిల్లగాన్ని గూడ పెట్టుకోలేదు. ఒక్కడే చేసిండు. దినానికి రెండు మోటార్లు, ఎంత కిందమీదైనా మూడు. లైనుల ఉన్న మిగిలిన మోటార్లు రోడ్డు దాటి పోయేటియి. ఎవరు పంపిన్రు? పని నేర్పనని పట్టుబట్టి బాపే పంపిండు. ఆ మాట అప్పుడు నేను గూడ అనలేదు, నాకూ అవతలోని మీద కోపమే.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. నేను హైదరాబాద్‌ల ఉన్న, ఉద్యమంల తిరుగుతున్న. బస్సుల్లేవు. సింగరేణి ఆగింది, బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగినయి. వచ్చిపోయే కరెంటుకు మోటార్లు కుప్పలు కాలినయి. వరి పొట్టకొచ్చే కాలం. రాణిగంజ్‌కు పోయి తీగ తెచ్చే తొవ్వ లేదు. దసరాకు ట్రాలీలు, లారీలు ఎక్కి దిగి ఇంటికొచ్చేసరికి దుకాణంల పదకొండు మోటార్లు పడి ఉన్నయి. బాపు స్టూలు మీద ఊరకే కూసున్నడు. తీగ అయిపోయింది.

పండుగ రోజు సాయంత్రం, జమ్మి తీసుకొని అందరు అందరిండ్లకు తిరుగుతున్నరు. అవతలి దుకాణం పిల్లగాడు మా గడప కాడికొచ్చిండు. బాపు చేతిల జమ్మి పెట్టి కాళ్లు మొక్కిండు. దసరా నాడు జమ్మి పెట్టినోన్ని కాదనరాదు. బాపు అలాయ్ బలాయ్ తీసుకున్నడు. ఆ పిల్లగాడు తల వంచుకొని "ఉస్తాద్, నా కాడ తీగ ఉన్నది. రెండు చుట్టలిస్త. కని ఐదు మోటార్లు విప్పి పెట్టిన, అవి ఎవరో తప్పు చుట్టిన మోటార్లు. లెక్క నా కాడ లేదు. మీ పుస్తకంల ఉంటది" అన్నడు.

బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నడుముకున్న తాళంచెవి తీసి నాకిచ్చి "పెట్టె తెరువు" అన్నడు.

ఆ రాత్రి రెండు దుకాణాలల్ల లైట్లు ఆరలేదు, కరెంటు ఉన్నంతసేపు. నేను పుస్తకంల చూసి లెక్కలు చదువుకుంట కూసున్న. రెండు దినాలల్ల పదహారు మోటార్లు పొలాలకు పోయినయి.

అప్పుడు నాకు తెలిసిందేందంటే, మా బాపు ఇన్నేండ్లు తప్పు పుస్తకానికి తాళమేసిండు. ఎవరికి పడితే వాళ్లకు ఉద్దెర రాసే పుస్తకం బల్ల మీద పెట్టిండు. పని నేర్చుకునే పిల్లగానికి చూపియ్యాల్సిన పుస్తకం పెట్టెల పెట్టిండు.

స్టూలు దిగిన మేస్త్రి

ఆ తర్వాత బాపు ఇద్దరు పిల్లగాళ్లను పెట్టుకున్నడు. ఇద్దరు ఐటీఐ చదివినోళ్లే. మొదటి దినమే చుట్ల పుస్తకం ముందట పెట్టిండు. "కొత్త మోటారొస్తే మీరే లెక్కపెట్టి, మీరే రాయండి, కింద మీ పేరు రాయండి" అన్నడు. ఇప్పుడు ఆ పుస్తకంల ఐదుగురి చేతిరాత ఉన్నది.

కని ఒక చిక్కొచ్చింది. రైతు వచ్చి "పిల్లగాళ్లు చుడితే నాకొద్దు, పటేలా, నువ్వే చుట్టు" అంటడు. చిన్న దుకాణం యజమానికి ఇది తీపి మాట. వినబుద్ధయితది. కని ఈ మాట విన్నన్ని రోజులు దుకాణం మన రెండు చేతులు దాటదు. బాపు ఏం చేసిండంటే, చుట్టుడు బంద్ చేసి పరీక్ష పట్టుకున్నడు. ఎవరు చుట్టినా సిరీస్ లాంపు, మెగ్గర్, ఆఖరుకు నీళ్ల తొట్టిల ముంచి నడిపి చూసుడు, అవన్నీ బాపే చేస్తడు. పాసైతేనే చీటీ మీద సంతకం. ఆరు నెలల్ల మా తప్పు వల్ల కాలితే కూలి లేకుండ మళ్ల చుట్టిస్తం, తీగ గూడ మాదే. వాపసొచ్చిన మోటారు చుట్టిన పిల్లగాన్ని తిట్టొద్దు, తప్పెక్కడైందో పుస్తకంల రాయాలె. ఇదీ నియమం.

ఇంతకుముందు రైతు బాపు చేతిని నమ్మేటోడు. ఇప్పుడు బాపు సంతకాన్ని నమ్ముతున్నడు. చెయ్యి దినానికి రెండు మోటార్లే చుడ్తది. సంతకం ఆరింటికి పెట్టొచ్చు. నాలుగో మలుపు ఇదే. దీనికి పైసలు పెద్దగ కాలేదు. మనిషి మనసు మారనీకి మాత్రం ఇరవై ఏండ్లు పట్టింది.

నేను చేసిన తప్పు

ఇగ నా గొప్పతనం చెప్పాలె. రాష్ట్రం వచ్చింది. నేను పత్రికల చేరిన. ఊపు మీదున్న. 2015 ఏప్రిల్‌ల ముద్ర పథకం వచ్చింది. శిశు కింద 50,000 దాక, కిశోర్ కింద 5 లక్షల దాక, తరుణ్ కింద 10 లక్షల దాక, తాకట్టు లేకుండ లోను. తర్వాత 2024ల తరుణ్ లోను సరిగ కట్టినోళ్లకు 20 లక్షల దాక పెంచిన్రు. నేను బాపును ఒప్పిచ్చి లోను తీసి పక్క మండలంల రెండో దుకాణం పెట్టిచ్చిన. మంచి బోర్డు, కొత్త బల్లలు, రిబ్బను కోసుడు. ఒక పిల్లగాన్ని అక్కడ కూసోబెట్టినం.

అక్కడ చుట్టేటోడున్నడు. పరీక్షించేటోడు లేడు. బాపు ఒక్కడే, రెండు ఊర్లల్ల సంతకం పెట్టలేడు. మోటార్లు వాపసొచ్చుడు మొదలైంది. గ్యారంటీ కింద తీగ మాదే పోయింది. అట్ల కుంటుతుండంగ 2016 నవంబర్ 8న నోట్లు రద్దయినయి. వడ్ల పైసలు రైతు చేతికి రాలేదు, మా కూలి మాకు రాలేదు. 2017 ఫిబ్రవరిల దుకాణం మూసినం. లోను కిస్తీలు 2020 దాక కట్టిన, నా జీతంలకెల్లి.

నోట్ల రద్దు మీదికి తప్పు నెట్టుడు అల్కగ ఉంటది. కని నిజమేందంటే, అది రాకున్నా ఆ దుకాణం మునిగేదే. రెండో దుకాణం పెట్టాలంటే ముందు రెండో సంతకం తయారు కావాలె. మాకు తయారు కాలేదు. బోర్డు ముందుగాల పెట్టినం, మనిషిని తర్వాత వెతికినం.

మంచి కరెంటు వచ్చింది, గిరాకి పోయింది

ఆఖరి మలుపు ఎవరూ అనుకోనిది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. దానికి ముందునుంచే ఆటో స్టార్టర్లు తీసెయ్యాలని ఊరూరా చెప్పిన్రు. ఆ తర్వాత ఎన్ని గంటలు, ఎట్లొస్తుంది అని రాజకీయంగ పెద్ద చర్చలే జరిగినయి. నేను అందులకు పోను. మా దుకాణం లెక్క మాత్రం చెప్త. 2012 యాసంగిల నెలకు 90 మోటార్లు చుట్టినం. 2019 యాసంగిల 40 దాటలేదు.

చూడండి ఎంత చిత్రమో. మంచి కరెంటు కోసం రోడ్డెక్కినోన్ని నేను. అదొస్తే ముందుగాల ఎండిపోయింది మా ఇంటి కడుపే. మా దుకాణంల పిల్లగాళ్లు ముఖాలు వేలాడేసిన్రు. బాపు మాత్రం "రైతు మోటారు కాలకుంటే మనకు గిరాకి తగ్గుతదని ఏడుస్తమారా? బోర్లయితే తగ్గలేదు గదా. నడిచే మోటారుకు గూడ పని ఉంటది, చూడున్రి" అన్నడు.

చూసినం. కాలుడు తగ్గింది గని మోటార్లు ఎక్కువసేపు నడుస్తున్నయి. ఎక్కువ నడిస్తే బుష్షులు అరుగుతయి, బేరింగులు పోతయి, కేబుల్ జాయింట్లల్ల నీళ్లు దిగుతయి, స్టార్టర్ కాంటాక్టులు మాడుతయి. ఒక పాత ట్రాక్టరుకు క్రేను బిగిచ్చినం. ఇప్పుడు బాయి కాడికే పోయి మోటారు లేపి, చూసి, అయితే అక్కడనే బాగుచేస్తం. ఇందుల గూడ ఒక కొట్లాట జరిగింది. "చూసినందుకు గూడ పైసలా?" అని రైతులడిగిన్రు. నిజమే, మన కాడ వస్తువుకు పైసలిస్తరు, తెలివికి ఇయ్యరు. అందుకని, వచ్చి చూసినందుకు 200, పని మాకే ఇస్తే బిల్లుల అవి కొట్టేస్తం అని పెట్టినం. ఇప్పుడు ఎవరూ అడుగుతలేరు. ఇయ్యాల మా దుకాణం ఆదాయంల సగానికి మించి ఈ సర్వీసు పనిదే.

కాగితాల సంగతి

తమ్ముళ్లు కాగితాల గురించి అడగమని చీటీ పంపిన్రు. రెండు మాటలల్ల చెప్త. 2017 జులై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. సేవలు చేసే దుకాణానికి మన కాడ ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుర్తు పెట్టుకోండి, టర్నోవర్ అంటే మిగిలింది కాదు, బిల్లు మొత్తం. తీగ పైసలు గూడ అందుల కలుస్తయి. 2020 జులై నుంచి ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నది, ఆన్‌లైన్‌ల ఉచితం, ఎవరికీ పైసలియ్యొద్దు. 2023ల వచ్చిన విశ్వకర్మ పథకంల 18 వృత్తులున్నయి, వైండింగ్ లేదు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి ఉన్నరు. మోటారు చుట్టేటోడు గూడ చేతివృత్తిదారుడే అని ప్రభుత్వాలకు చెప్పాల్సిన పని మన మీద ఉన్నది.

ఇంకోటి. యజమాని పేరు మీద బ్యాంకు ఖాతా వేరు, దుకాణం ఖాతా వేరు ఉండాలె. బాపు జేబు, దుకాణం గల్లాపెట్టె ఒకటే అయిన కాలంల మాకు ఏ బ్యాంకు లోను ఇయ్యలేదు. ఇచ్చే తప్పు గూడ చెయ్యొద్దు.

ఇయ్యాల

ఇప్పుడు బాపుకు డెబ్బై దాటినయి. కండ్లు సరిగ కనబడయి, మెగ్గర్ ముల్లు చదవలేడు. దుకాణంల ఐదుగురు పనిచేస్తున్నరు. 2012ల చేరిన పిల్లగాళ్లల్ల ఒకడు ఇప్పుడు చీటీల మీద సంతకం పెడ్తడు. పోయినేడు స్టాంపు కాగితం మీద వానికి లాభంల నాలుగో వంతు రాసిచ్చినం. చుట్టాలు నన్ను తిట్టిన్రు, కొడుకు ఉండంగ బయటోనికి భాగమేందని. ఆ కొడుకుకు స్టేటర్ల చెయ్యి పెట్టుడు రాదు గదా! ఆదివారం పోయి లెక్కలు రాసుడే నా పని. అవతలి దుకాణం గూడ నడుస్తనే ఉన్నది. వానికి లెక్క దొరకకుంటే మాకు ఫోన్ చేస్తడు, మా దగ్గర తీగ అయిపోతే మేం చేస్తం. చుట్ల పుస్తకం ప్రతి పేజీ ఫోటో తీసి రెండు దుకాణాల ఫోన్లల్ల పెట్టుకున్నం. ఇనుప పెట్టె ఉన్నది, అందుల ఇప్పుడు ఉద్దెర పుస్తకం ఉంటది.

మేం ధనవంతులం కాలేదు. ఆ మాట గూడ చెప్పాలె. చిన్న దుకాణం పెరిగితే ఐదిండ్లల్ల పొయ్యి వెలుగుతది, అమ్మ పుస్తె తాకట్టుకు పోదు, అంతే. అదే చాలా పెద్ద ముచ్చట.

ఈ హాలుల కూసున్న ఐటీఐ తమ్ముళ్లు రేపు ఎవరో ఒకరి దుకాణంల పనికి చేరుతరు. దుకాణాలున్న అన్నలు వాళ్లను పెట్టుకుంటరు. అన్నలకు నా మనవి ఒకటే. లెక్కపెట్టే వేళకు పిల్లగాన్ని చాయ్‌కి పంపకండి. మా బాపు పంపి పదహారేండ్లు పోగొట్టుకున్నడు.